ముక్క పరీక్ష రిపోర్టులో పిడి-ఎల్1 వరుస ఎలా చదవాలి

రాత్రి తొమ్మిదిన్నరకి తెనాలి నుంచి బాబాయ్ ఫోను. ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసిన మనిషి, అంకెలకి బెదిరే రకం కాదు. ఆ రోజు మాత్రం గొంతు వణుకుతోంది.

"అమ్మాయ్, రిపోర్టు వచ్చింది. అరవై శాతమంట."

"ఏది అరవై, బాబాయ్?"

"ఊపిరితిత్తి. అరవై శాతం తినేసిందంట. మిగిలిన నలభైతో ఎన్నాళ్లు ఈడుస్తానో చెప్పు."

ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమన్నాను. పెట్టాడు. కింద నుంచి మూడో వరుసలో ఉంది: పిడి-ఎల్1, టీపీఎస్ 60%. ఊపిరితిత్తిలో ఎంత పోయిందన్న దానికీ ఆ అంకెకీ ఏ సంబంధమూ లేదు. అది చెప్పడానికి నాకు ఆ రాత్రి ముప్పావు గంట పట్టింది. ఆ తర్వాత ఇదే ప్రశ్న మా ల్యాబు కౌంటరు దగ్గర ఎంతమంది అడిగారో లెక్కలేదు. అందుకే రాస్తున్నాను.

నేను పాథాలజిస్టుని. రోగిని చూడను, రోగిలోంచి తీసిన ముక్కని చూస్తాను. 22 ఏళ్లుగా పని అదే. ఆ వరుస టైపు చేసి సంతకం పెట్టేది నాలాంటి వాళ్లే, చదివి రాత్రంతా నిద్రపోనిది మీరు. మధ్యలో వివరించే మనిషి ఉండడు.

ముందు ఆ అంకె ఏది కాదో తెలుసుకోండి

జబ్బు ఎంత ముదిరిందో చెప్పేది స్టేజి. దాన్ని స్కాన్లు చెబుతాయి, ఈ వరుస కాదు. కణాలు ఎంత మొండివో చెప్పేది గ్రేడు, అది రిపోర్టులో పైన వేరే ఉంటుంది. మందు పనిచేసే అవకాశం 60 శాతం అని కూడా దీనికి అర్థం కాదు. ఈ చివరి పొరపాటు చదువుకున్నవాళ్లు ఎక్కువగా చేస్తారు.

ఆ అంకె చెప్పేది ఒక్కటే. మేం చూసిన ముక్కలో బతికున్న క్యాన్సర్ కణాలు వంద ఉంటే, వాటిలో అరవై పిడి-ఎల్1 అనే ప్రొటీన్‌ని తమ పై పొర మీద తొడుక్కుని ఉన్నాయి. ఆ లెక్కకే టీపీఎస్ అని పేరు. అంతే. ఎందుకు తొడుక్కున్నాయన్నది మాత్రం కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ వరుస మొత్తం దానిమీదే ఆధారపడి ఉంది.

కణితి ఎలా తప్పించుకుంటుంది

పెళ్లివారింట్లో ఏం వండారో తెలియాలంటే లోపలికి వెళ్లక్కర్లేదు. పెరటి వైపు పడేసిన ఎంగిలి విస్తళ్లు చూస్తే చాలు. మన ఒంట్లో కణాలూ దాదాపు అన్నీ ఇదే చేస్తాయి. లోపల తయారైన ప్రొటీన్లను చిన్న తునకలుగా కోసి, హెచ్‌ఎల్‌ఏ అనే పళ్లేల్లో పెట్టి బయట పొరమీద చూపిస్తాయి. కిడ్నీ మార్పిడికి ముందు మ్యాచింగ్ చూస్తారే, ఆ హెచ్‌ఎల్‌ఏనే. టి కణాలనే కాపలా తెల్ల రక్తకణాలు ఊరంతా తిరుగుతూ ఈ విస్తళ్లు చూసుకుంటూ పోతాయి. ఇంట్లో ఎప్పుడూ వండని వంటకం తునక కనబడితే, అంటే వైరస్ ముక్కో, జన్యువు చెడి తయారైన వంకర ప్రొటీన్ ముక్కో దొరికితే, అక్కడే ఆగి ఆ కణం పొరకి చిల్లులు పెట్టి, లోపలికి గ్రాంజైమ్ అనే ఎంజైము పంపి చంపేస్తాయి.

క్యాన్సర్ కణంలో జన్యువులు చెడి ఉంటాయి కాబట్టి దాని విస్తట్లో తేడా వంటకాలు తప్పవు. నిజానికి చాలా కణితులు మనకి తెలియకుండానే పుట్టి ఇలాగే చస్తాయని ఎలుకల మీద చేసిన ప్రయోగాలు బలంగా సూచించాయి. కొన్ని చావవు, పెరగవు. పోలీసూ దొంగా ఒకే గదిలో ఏళ్ల తరబడి ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నట్టు ఉండిపోతాయి. స్కాట్లండ్‌లో ఒకరికి చర్మ క్యాన్సర్ మెలనోమా తీసేసి 16 ఏళ్లయింది. నయమైపోయిందనే అనుకున్నారు. చనిపోయాక ఆ మనిషి కిడ్నీలు రెండూ ఇద్దరికి పెట్టారు. ఆ ఇద్దరికీ మెలనోమా వచ్చింది. ఆ మనిషి ఒంట్లో అన్నేళ్లూ కణాలు ఉన్నాయి, రోగనిరోధక వ్యవస్థ వాటిని అదిమిపెట్టి ఉంచింది. కిడ్నీ తీసుకున్నవాళ్లకి ఆ శక్తిని తగ్గించే మందులు ఇస్తారు కదా, దాంతో ఆ మూత లేచిపోయింది. 2003లో వైద్య పత్రికలో వచ్చిన కేసు ఇది. మా పీజీ పిల్లలకి ఇమ్యూనాలజీ క్లాసు మొదలుపెట్టేది నేను దీంతోనే.

మూడో రకం కణితులు తప్పించుకుంటాయి. మీ చేతిలో రిపోర్టు ఉందంటే మీ కణితి ఈ మూడో రకమే. తప్పించుకునే దారులు చాలా ఉన్నాయి.

ఒకటి, విస్తళ్లు బయట వెయ్యడమే మానేయడం. హెచ్‌ఎల్‌ఏ పళ్లెం విరిగిపోతే టి కణానికి చూడ్డానికి ఏమీ ఉండదు. "పెళ్లిల్లంటున్నారు, ఒక్క విస్తరాకూ బయట లేదేం?" అని అనుమానపడేందుకు ఎన్‌కే కణాలనే వేరే కాపలావాళ్లు ఉన్నారు. కణితి వాళ్లనీ చాలాసార్లు దాటేస్తుంది.

రెండు, టి కణాల్లోనే శాంతి కమిటీలాంటి ఒక జాతిని పిలిపించి చుట్టూ కూర్చోబెట్టుకోవడం. వీటిని నియంత్రణ టి కణాలంటారు, మన ఒంటి మీద మనమే దాడి చేసుకోకుండా చూడటం వీటి అసలు ఉద్యోగం. వీటిని బయటపెట్టిన పనికే 2025లో సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్‌లకి నోబెల్ వచ్చింది.

మూడు, చుట్టూ నార కంచె కట్టుకుని సైన్యాన్ని పొలిమేరలోనే నిలబెట్టడం. నాలుగు, చుట్టుపక్కల గ్లూకోజంతా తనే మింగి, ఆమ్లం వదిలి, వచ్చిన టి కణాలను ఆకలికి మాడ్చడం.

ఐదోది పిడి-ఎల్1. మీ రిపోర్టులో ఉన్నది ఇదే.

టి కణం మీద పిడి-1 అనే ఒక బ్రేకు ఉంటుంది. 1992లో జపాన్‌లోని క్యోటోలో తసుకు హొంజో ల్యాబులో దొరికింది. మన ఒంట్లో ఏ గొడవైనా ఎక్కడో ఒకచోట ఆగాలి. జలుబు వైరస్‌ని చంపడానికి వచ్చిన టి కణాలు వైరస్ పోయాక కూడా కొడుతూనే ఉంటే గొంతే మిగలదు. అందుకని మామూలు కణాలు అవసరమైనప్పుడు పిడి-ఎల్1 చూపిస్తాయి. అది వెళ్లి టి కణం మీది పిడి-1ని తాకితే, ఊరి పెద్దమనిషి భుజం మీద చెయ్యేసి "ఇక చాల్లే నాయనా, ఇంటికి పో" అన్నట్టే. టి కణం చల్లబడి వెళ్లిపోతుంది.

ఈ పెద్దమనిషి బాగా కాపలా కాసే చోటు మాయ, అంటే ప్లసెంటా. తల్లి గర్భంలో బిడ్డకి తండ్రి వాటా కూడా ఉంటుంది కదా, తల్లి టి కణాలకి అది సగం పరాయిదే. దాడి జరగకుండా ఆపే ఏర్పాట్లలో మాయ కణాల మీది పిడి-ఎల్1 ఒకటి. పిడి-ఎల్1 ఉన్నచోట గోధుమ రంగు పట్టించడమే ఈ పరీక్ష. మా ల్యాబులో అది సరిగ్గా రంగు పట్టిందో లేదో చూసుకోవడానికి పక్కన పెట్టే స్లైడు చాలాసార్లు మాయ ముక్కే, లేకపోతే టాన్సిల్. క్యాన్సర్ కొత్తగా కనిపెట్టిన మాయోపాయం ఏదీ లేదు. బిడ్డని కాపాడే పాత ఏర్పాటునే ఎత్తుకొచ్చి వాడుకుంటోంది. ముందు మాయ స్లైడు చూసి, లెన్సు తిప్పి కణితి స్లైడు చూస్తే, రెండింట్లోనూ అదే గోధుమ రంగు గీత. ఇన్నేళ్లయినా నాకు ఒక్క క్షణం కష్టంగానే ఉంటుంది.

ఇక అసలు సంగతి. చాలా కణితులు పిడి-ఎల్1ని ఊరికే తొడుక్కోవు. టి కణాలు వచ్చి కొట్టడం మొదలుపెట్టి ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థం వదిలాక, ఆ దెబ్బకి తొడుక్కుంటాయి. అంటే గోధుమ రంగు కనబడిన చోట చాలావరకు ఒకప్పుడు పోరు జరిగింది, సైన్యం వచ్చింది, మధ్యలో ఆగింది. బాబాయ్‌కి ఫోన్లో చెప్పింది ఇదే: "నీ అరవై, పోయిన ఊపిరితిత్తి లెక్క కాదు. నీ ఒళ్లు పోట్లాడింది, మధ్యలో ఎవరో బ్రేకు తొక్కారు. ఆ బ్రేకు మీంచి కాలు తీయించే మందు ఉంది." కొన్ని కణితులు దెబ్బ తినకుండానే, జన్యు లోపం వల్ల పిడి-ఎల్1 తొడుక్కుంటాయి. ఆ తేడా ఈ అంకె చెప్పదు.

ఇప్పుడు రిపోర్టు తీయండి: మొదట ముక్క సంగతి

అందరూ తిన్నగా అంకె దగ్గరికి వెళ్తారు. మీరు పైనుంచి రండి. ముక్క ఎక్కడిది, ఎప్పుడు తీసింది, ఎన్ని కణాలు దొరికాయి అన్న వరుసలు ముందు చూడండి. టీపీఎస్ చెప్పాలంటే స్లైడులో కనీసం 100 బతికున్న క్యాన్సర్ కణాలు ఉండాలి. లేకపోతే "సరిపోను కణజాలం లేదు" అని రాయాలి. అలా రాశారంటే ల్యాబు చేతకానిదని కాదు, నిజాయితీగా ఉందని. నలభై కణాలు చూసి 5 శాతమని రాసేవాళ్లకంటే వాళ్లు నయం.

ముక్క తీసిన వెంటనే, కుళ్లకుండా కాపాడే 10 శాతం ఫార్మలిన్‌లో పడాలి. కనీసం 6 గంటలు నానాలి, 72 గంటలు దాటకూడదు. ఒకసారి ఒక ఊరి ఆస్పత్రి నుంచి ఊపిరితిత్తి ముక్క సెలైన్‌లో వచ్చింది. ఫార్మలిన్ అయిపోయిందట, "అదీ నీళ్లలాగే ఉంటుంది కదా" అని ఎవరో పోసేశారు. రాత్రి బస్సులో పార్సిలు. పొద్దున మూత తీస్తే మెత్తగా కుళ్లిన ముక్క. ఆ పెద్దాయనకి మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది. అందుకని ముక్క తీసే రోజు పక్కనున్నవాళ్లు ఒక్క మాట అడగండి: "ఫార్మలిన్‌లోనే వేశారా?" తప్పేం లేదు. ఎముక నుంచి తీసిన ముక్కైతే దాన్ని మెత్తబరచడానికి ఆమ్లంలో వేస్తారు, ఆమ్లం ఈ ప్రొటీన్‌ని పాడుచేస్తుంది. ఎముక ముక్క మీద సున్నా వస్తే అది నమ్మదగ్గ సున్నా కాకపోవచ్చు. వేరేచోటి ముక్క ఉంటే దాని మీద చేయమని అడగొచ్చు.

తర్వాత ఏ యాంటీబాడీతో, అంటే పిడి-ఎల్1ని పట్టుకుని రంగు చూపించే ఏ పదార్థంతో చేశారో చూడండి. 22సి3, 28-8, ఎస్‌పి263, ఎస్‌పి142 అని ఏదో ఒకటి ఉంటుంది. మొదటి మూడూ ఊపిరితిత్తి కణాల మీద దాదాపు ఒకేలా పనిచేస్తాయి. ఎస్‌పి142 తక్కువ కణాలకి రంగు పట్టిస్తుంది. ఒక ల్యాబులో 60, ఇంకో ల్యాబులో 20 వచ్చిందని గొడవకి దిగే ముందు ఈ పేర్లు పోల్చండి. యాంటీబాడీ పేరే లేని రిపోర్టు అయితే ల్యాబుకి ఫోన్ చేసి రాయించుకోండి, అది మీ హక్కు.

టీపీఎస్, సీపీఎస్

ఈ రెంటినీ కలిపేసుకుని తికమక పడేవాళ్లలో జూనియర్ డాక్టర్లు కూడా ఉంటారు.

టీపీఎస్‌లో క్యాన్సర్ కణాలనే లెక్కపెడతాం. ఎంత లేతగా రంగు పట్టినా, పొర చుట్టూ సగమే పట్టినా లెక్కలోకి వస్తుంది. శాతంగా రాస్తాం. ఊపిరితిత్తికి ఇదే వాడతారు.

సీపీఎస్‌లో రంగు పట్టిన క్యాన్సర్ కణాలకి, కణితిని అంటుకుని రంగు పట్టిన లింఫోసైట్లూ మాక్రోఫేజ్‌లూ అనే రక్షణ కణాల్ని కూడా కలుపుతాం. భాగించేది మాత్రం మొత్తం క్యాన్సర్ కణాల సంఖ్యతోనే, వచ్చినదాన్ని వందతో హెచ్చిస్తాం. ఇది శాతం కాదు, ఉత్తి అంకె. లెక్క వంద దాటినా వందే రాస్తాం.

ఉదాహరణకి ఒక ముక్కలో 200 క్యాన్సర్ కణాలున్నాయి అనుకోండి. వాటిలో 30 గోధుమ రంగులో ఉన్నాయి. చుట్టూ 50 రక్షణ కణాలు కూడా గోధుమ రంగులో ఉన్నాయి. టీపీఎస్ 15 శాతం. సీపీఎస్ 40. ముక్క అదే, మనిషి అదే. 15 చూసి ఒకరు నిట్టూరిస్తే, 40 చూసి ఇంకొకరు సంబరపడతారు.

అంకెకి అర్థం ఏ అవయవమన్న దాన్నిబట్టి మారుతుంది. ఊపిరితిత్తిలో టీపీఎస్ 1, 50 అనే రెండు గీతలు ముఖ్యం. 50 గానీ అంతకుమించి గానీ ఉంటే, కొన్ని షరతులకి లోబడి, కీమో లేకుండా ఇమ్యూనోథెరపీ మందొక్కటే, అంటే ఆ బ్రేకు తీసే మందొక్కటే ఇచ్చే వీలుంది. నోరు, గొంతు క్యాన్సర్లకి సీపీఎస్ 1, 20 చూస్తారు. ట్రిపుల్ నెగటివ్ రొమ్ము క్యాన్సర్‌కి సీపీఎస్ 10. గీతకి అటూ ఇటూ ఉన్న అంకెల్ని మరీ పట్టుకుని వేలాడొద్దు. 48కీ 52కీ మధ్య ఉన్న తేడా ఆ రోజు నా కళ్లజోడుది కావచ్చు.

సరదాకి అనలేదు. విశాఖ కేజీహెచ్‌లో పీజీ చేసిన రోజుల్లో ఈ పరీక్ష ఇంకా రాలేదు. అడ్డపొగ తాగే అమ్మమ్మల అంగిలి ముక్కలు తెగ చూసేదాన్ని. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్ల పాత అలవాటు, క్యాన్సర్ సరిగ్గా ఆ సెగ తగిలే అంగిట్లోనే వస్తుంది. అప్పుడు ముక్కలో క్యాన్సరా కాదా అని రాస్తే పని అయిపోయేది. పిడి-ఎల్1 వచ్చాక లెక్కపెట్టడం నేర్చుకోవాల్సి వచ్చింది, మొదట్లో తప్పులు చేశాను. ఊపిరితిత్తి గాలితిత్తుల్లో ఉండే మాక్రోఫేజ్‌లకి కూడా గోధుమ రంగు పడుతుంది, చూడ్డానికి లావుగా క్యాన్సర్ కణాల్లాగే కనబడతాయి. ఒక కేసులో వాటిని కలిపేసి 30 శాతమని రాశాను. సంతకం పెట్టే ముందు మా సీనియర్ మేడమ్ చూసి, మామూలు రంగు వేసిన స్లైడుని పక్కన పెట్టించి, ఒక్కో కణాన్నీ చూపిస్తూ మళ్లీ లెక్కపెట్టించారు. 5 కూడా లేదు. గీతకి దగ్గరగా ఉన్న అంకె మీద చికిత్స నిర్ణయం ఆధారపడితే, ఇంకో పాథాలజిస్టుకి స్లైడు చూపించమని అడగండి. మీ ముక్కని మైనంలో దాచిన బ్లాకు ల్యాబులో భద్రంగా ఉంటుంది, రసీదు మీద తీసుకెళ్లొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు.

సున్నా వస్తే

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. కణితి అలా కాదు. ఒక మూల గోధుమ రంగు, రెండు మిల్లీమీటర్ల అవతల ఏమీ లేదు. సూదితో తీసిన ముక్క దారప్పోగంత ఉంటుంది. అందుకే సున్నా అంటే "ఈ పోగులో లేదు" అనే అర్థం.

సున్నాల్లోనూ రకాలున్నాయి. టి కణాలు అసలు రాని సున్నా ఒకటి, దాన్ని చల్లటి కణితి అంటారు. టి కణాలు వచ్చి కంచె అవతల నిలబడిపోయిన సున్నా ఇంకోటి. పోరే జరగలేదు కాబట్టి బ్రేకు అవసరమే పడలేదు. ఇలాంటి చోట బ్రేకు తీసే మందు ఒక్కటే ఇస్తే పెద్దగా ఉపయోగం ఉండదు. అందుకే దానికి కీమోని జత చేస్తారు. రిపోర్టు కింద కామెంట్లలో "లింఫోసైట్లు కణితిలోకి చొచ్చుకుని ఉన్నాయి" అన్న వాక్యం ఉందేమో వెతకండి. టైపు చేసే ఓపిక ఉన్న పాథాలజిస్టులు రాస్తారు.

పక్కన ఉండాల్సిన మిగతా వరుసలు

ఊపిరితిత్తి క్యాన్సర్ అయితే, ముఖ్యంగా అడినోకార్సినోమా అనే రకమని రాసి ఉంటే, పిడి-ఎల్1 చూసి తొందరపడకండి. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, ఆర్ఓఎస్1 జన్యు పరీక్షల ఫలితాలు కూడా వచ్చేదాకా ఆగాలి. పొగ ఎప్పుడూ తాగని ఆడవాళ్లలో మన దేశంలో ఈజీఎఫ్ఆర్ మార్పు తరచుగా కనబడుతుంది. అది ఉంటే పిడి-ఎల్1 80 ఉన్నా ఇమ్యూనోథెరపీ మందు ఒక్కటే ఇస్తే అంతగా పనిచేయదు, వాళ్లకి మాత్రలున్నాయి. పైగా ముందు ఇమ్యూనోథెరపీ ఇచ్చి వెంటనే ఆ మాత్రల్లోకి, ముఖ్యంగా ఒసిమర్టినిబ్‌లోకి మారితే ఊపిరితిత్తులు వాచే ప్రమాదం పెరుగుతుంది. జన్యు రిపోర్టుకి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ వారాలు ఇంట్లో అందరికీ నరకమే, తెలుసు. బాబాయ్ రోజూ పొద్దున్నే ఫోన్ చేసి "మీవాళ్లు ఇంకా టికెట్టు కొట్టలేదా?" అనేవాడు. మనిషి నిలకడగా ఉంటే, ఆ కాస్త ఆగడం గురించి డాక్టరుతో మాట్లాడండి.

పెద్దపేగు, గర్భసంచి, కడుపు క్యాన్సర్లలో పిడి-ఎల్1 కంటే విలువైన వరుస ఇంకోటి ఉంటుంది, ఎంఎంఆర్ అని. ఎంఎల్‌హెచ్1, పిఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అనే నాలుగు పేర్లు. ఇవి డీఎన్ఏలో అచ్చుతప్పులు దిద్దే ప్రొటీన్లు. ఇక్కడ రంగు పట్టడం మామూలు, పట్టకపోవడం వార్త. "నష్టం" అన్న మాట చూసి బెంబేలెత్తకండి. దిద్దేవాడు లేకపోతే కణం నిండా అచ్చుతప్పులే, విస్తట్లో అన్నీ తేడా వంటకాలే. అంత ఎంగిలి దాచుకోవడం కష్టం కాబట్టి అలాంటి కణితి బ్రేకు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది, బ్రేకు తీస్తే దొరికిపోతుంది. 2022లో న్యూయార్క్‌లో ఇలాంటి మలాశయ క్యాన్సర్ ఉన్న 12 మందికి డోస్టార్లిమాబ్ అనే బ్రేకు తీసే మందు ఒక్కటే ఇచ్చారు. కోత లేదు, కరెంటు లేదు. 12 మందిలోనూ కణితి కనబడకుండా పోయింది. అయితే ఈ నష్టం కొన్నిసార్లు వంశంలో వస్తుంది, మరీ ముఖ్యంగా ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 జంటగా పోయినప్పుడు. అప్పుడు తోబుట్టువులూ పిల్లలూ జన్యు సలహా తీసుకోవాలి. ఈ సంగతి మీకు ఎవరూ చెప్పకపోతే మీరే అడగండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు

ఒక కాగితం మీద ఇవి రాసుకెళ్లండి: కీళ్లవాతం, సోరియాసిస్, లూపస్, థైరాయిడ్, పేగుపూత లాంటివి ఎప్పుడైనా ఉన్నాయా, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నారా, కిడ్నీ గానీ కాలేయం గానీ మార్పిడి జరిగిందా. మార్పిడి జరిగినవాళ్లలో బ్రేకు తీస్తే ఆ అవయవం మీదే దాడి జరిగే ప్రమాదం చాలా ఎక్కువ. ఆయుర్వేదమో, పసరు మందో వాడుతుంటే అదీ దాచకండి.

ఇక్కడే ఒక మాట. "రోగనిరోధక శక్తి తక్కువై క్యాన్సర్ వచ్చింది, శక్తి పెంచుకుంటే పోతుంది" అని పొడులు అమ్మేవాళ్లున్నారు. బాబాయ్ పక్కింటాయన 4,500 రూపాయల డబ్బా తెచ్చిపెట్టాడు. బాబాయ్ సైన్యానికి బలం తక్కువై కాదు ఆగింది, ఆగమన్నారు కాబట్టి ఆగింది. బ్రేకు తొక్కి ఉన్న బస్సులో ఎంత డీజిలు పోసినా కదలదని చెబితే ఆ మాజీ కండక్టరుకి వెంటనే ఎక్కింది. డబ్బా తిరిగి ఇచ్చేశాడు. డబ్బులు మాత్రం పక్కింటాయనకి రాలేదు.

ఖర్చు గురించి సిగ్గుపడకుండా అడగండి. బ్రేకు తీసే మందుల్లో పెంబ్రోలిజుమాబ్ మామూలు మోతాదు మూడు వారాలకోసారి 200 మిల్లీగ్రాములు. నివోలుమాబ్ రెండు వారాలకి 240. మధ్యతరగతి ఇల్లు తాకట్టు పెట్టించే మందులివి. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు ముదిరిన తల, మెడ క్యాన్సర్లలో ఒక పని చేశారు. నోటిమాత్రల చికిత్సకి నివోలుమాబ్‌ని మూడు వారాలకి 20 మిల్లీగ్రాములు, అంటే మామూలు దాంట్లో పదోవంతుకన్నా తక్కువ, జతచేసి 151 మంది మీద పోల్చి చూశారు. ఏడాది బతికినవాళ్లు మాత్రలొక్కటే వాడినవాళ్లలో 16.3 శాతం, 20 మిల్లీగ్రాములు కలిపినవాళ్లలో 43.4 శాతం. ఇది తల, మెడ క్యాన్సర్ల సంగతి, ఊపిరితిత్తికి అలాగే అన్వయించుకోకూడదు. కానీ "తక్కువ మోతాదు మా కేసులో కుదురుతుందా?" అన్న ప్రశ్న అడగదగ్గదే.

మందు ఎక్కాక ఇంట్లో చూసుకోవాల్సింది

బ్రేకు కణితి దగ్గరే తీయడం ఈ మందుకి చేతకాదు, ఒళ్లంతా తీస్తుంది. కాబట్టి జుట్టు ఊడటం, వాంతులు కాదు దీని గొడవ. మన సైన్యం మన ఇళ్ల మీదే పడటం దీని గొడవ. రోజుకి మామూలుకన్నా నాలుగైదు సార్లు ఎక్కువ విరేచనాలు, కొత్తగా పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం, ఒళ్లంతా దద్దురు, కళ్లు పచ్చబడటం, విపరీతమైన దాహం, గుండెలో నొప్పి, కంటి రెప్పలు వాలిపోవడం. వీటిలో ఏది వచ్చినా మందుల షాపులో విరేచనాల మాత్ర కొనుక్కుని సరిపెట్టుకోవద్దు. ఆ రోజే మీ క్యాన్సర్ డాక్టరుకి ఫోన్ చెయ్యండి. చాలావాటికి స్టెరాయిడ్లు సకాలంలో ఇస్తే లొంగుతాయి, ఆలస్యమైతే ప్రాణం మీదకి వస్తుంది. వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినా "నేను ఇమ్యూనోథెరపీలో ఉన్నాను" అన్నది మొదటి మాటగా చెప్పాలి. మందు ఆపేసిన కొన్ని నెలల తర్వాత కూడా ఇవి రావచ్చు. అందుకని ఆ మాట రాసిన చీటీ జేబులో ఉండాలి. బాబాయ్ పాత ఖాకీ చొక్కా ఒకటి దాచుకున్నాడు, ఆస్పత్రికి దాన్నే వేసుకెళ్తాడు. టికెట్ల కట్ట పెట్టే జేబులో ఇప్పుడు ఆ చీటీ.

మొదటి స్కానులో గడ్డ కాస్త పెద్దదైనట్టు కనబడితే వెంటనే ఆశ వదులుకోకండి. అరుదుగానే అయినా, టి కణాలు గుంపుగా లోపలికి చొరబడటం వల్ల కూడా గడ్డ ఉబ్బినట్టు కనబడుతుంది. మనిషి కులాసాగా ఉంటే నాలుగు నుంచి ఎనిమిది వారాలాగి మళ్లీ తీస్తారు. మనిషి నీరసించిపోతుంటే మాత్రం అది నిజంగా పెరగడమే అయి ఉంటుంది, ఆగకూడదు.

బాబాయ్‌కి జన్యు పరీక్షల్లో ఏమీ రాలేదు. పెంబ్రోలిజుమాబ్ మొదలుపెట్టారు. మూడో స్కానుకి గడ్డ సగానికి తగ్గింది, ఇప్పటికి 14 నెలలుగా అలాగే ఉంది, పెరగలేదు, పోలేదు. నాలుగో డోసు తర్వాత మనిషి మందకొడిగా అయిపోయాడు, వేసవిలో కూడా దుప్పటి కప్పుకునేవాడు. టీఎస్‌హెచ్ చూస్తే ఆకాశంలో ఉంది. సైన్యం పోతూపోతూ థైరాయిడ్ మీద ఓ దెబ్బ వేసింది. దానికి రోజూ పొద్దున పరగడుపున ఒక మాత్ర వేసుకోవాలి, ఆ తర్వాత కనీసం అరగంట దాకా నీళ్లు తప్ప ఏమీ తాగకూడదు. క్యాన్సర్ గురించి ఇప్పుడు మాట్లాడడు. ఫోన్ చేస్తే కాఫీ లేని ఆ అరగంట గురించే ఫిర్యాదు.